గోలెంలో దాచిన వాన

ఆ రోజుల్లో డిగ్రీ పాసైనవాడికి రెండు భయాలుండేవి. ఉద్యోగం దొరకదేమోనన్నది మొదటిది, దొరికింది పోతుందేమోనన్నది రెండోది. మూడో భయం, అంటే తనకేమీ తెలియదేమోనన్న భయం, మా బ్యాచిలో ఎవరికీ ఉన్నట్టు గుర్తులేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మా చదువు ఒక ఏడాది ఆగిపోయింది. ఆ ఏడాదంతా రోడ్ల మీద నినాదాలిచ్చి, పోలీసుల ముందు పరుగెత్తి, తిరిగి తరగతి గదిలోకి వచ్చేసరికి గట్టిగా అడిగితే ఏదైనా కదులుతుందన్న నమ్మకం మాకు కుదిరిపోయింది. మనుషుల విషయంలో అది కొంతవరకు నిజమే. కప్పల విషయంలో కాదు. ఈ సంగతి నాకు జనగామలో, మా అక్క ఇంటి దొడ్లో, ఒక గోలెం పక్కన తెలిసింది. అక్క పోయి ఏడాది కావస్తోంది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఈ కథ చెప్పే హక్కు ఆమెదే. నేను నోరు తెరిస్తే "నీకు సగమే తెలుసు" అని అడ్డుపడేది. ఇప్పుడు రెండు సగాలూ నేనే చెప్పాలి.

మాది దేవరుప్పుల దగ్గర పల్లె. జనగామలో ఒక ప్రైవేటు కాలేజీ జంతుశాస్త్ర శాఖలో నాకు డిమాన్‌స్ట్రేటరు పని దొరికింది. పని తాత్కాలికం. మకాం అక్క ఇంట్లో. బావ పత్తి మార్కెట్లో గుమాస్తా. మా శాఖాధిపతిని పిల్లలు ఒంటికన్ను సారు అనేవాళ్ళు (ఆయనకు రెండు కళ్ళూ చక్కగానే ఉండేవి. ఏళ్ళ తరబడి సూక్ష్మదర్శినిలో చూసి చూసి, మనిషిని చూసినా ఒక కన్ను మూసి చూడటం అలవాటైపోయింది). ఆయనది కృష్ణా ఒడ్డు. ఉద్యమం రోజుల్లో కోస్తావాళ్ళు చాలామంది బదిలీలు పెట్టుకుని వెళ్ళిపోతే, ఈయన మాత్రం "నా కప్పల్ని ఎవరికి అప్పగించి పోనోయ్" అని ఉండిపోయాడు. ఆ మాట విని, అంతకుముందు రోజు దాకా ఆయన ఇంటి ముందు నినాదాలిచ్చిన కుర్రాళ్ళే సిగ్గుపడి, ఆయనకు చెరువు నుంచి నాలుగు కప్పలు పట్టుకొచ్చి ఇచ్చారట.

ఆ కప్పలకే కరువొచ్చింది. వరసగా వానలు తప్పాయి. చుట్టుపక్కల చెరువులు బీటలు వారాయి. కాలేజీకి తడి గోనెసంచిలో బోదురు కప్పలు తెచ్చిచ్చే మనిషి ఖాళీ సంచి చూపించి వెళ్ళిపోయాడు. ఉన్న నాలుగింటినీ కాళ్ళ కోసం వ్యాపారులు బస్తాలకెత్తుకుని పోతున్నారని, అవి ఓడలెక్కి విదేశాలకు పోతున్నాయని కూడా చెప్పుకునేవారు. ఒంటికన్ను సారుకు నిజమైన దిగులు పట్టుకుంది. ఇట్లాగే సాగితే మనవలు కప్పను గోడ మీది బొమ్మలోనే చూస్తారనీ, ఇన్నేళ్ళూ కోయడమే నేర్పామనీ, ఇకనుంచి పెంచడం కూడా నేర్పాలనీ అన్నాడు. అని ఒక కన్ను మూసి నన్ను చూశాడు. గుడ్డు నుంచి కప్ప దాకా అన్ని దశలూ ప్రాణంతో, ఒకే బల్ల మీద, దసరా సెలవులకు ముందు వచ్చే కాలేజీ కమిటీకి చూపించగలిగితే నా పోస్టు ఉంచమని గట్టిగా అడుగుతాననీ, లేకపోతే తన మాట చెల్లదనీ చెప్పాడు. నేను క్షణం కూడా ఆలోచించకుండా ఒప్పుకున్నాను. పుస్తకంలో అంతా ఉంది. కప్పకు చదువు రాదన్న సంగతి ఒక్కటే అందులో లేదు.

మానుకోట దగ్గర మా మేనమామ వ్యవసాయ బావిలో ఇంకా తడి ఉందని తెలిసి వెళ్ళాను. రెండు పోతులు, ఒక పెంటి దొరికాయి. పెంటి కప్ప కడుపు గుడ్లతో ఉబ్బి అరచేతిలో పట్టనంత లావుంది. తడి సంచిలో వేసుకుని ప్యాసింజరు బండెక్కాను. కాజీపేట దాటాక సంచి కదలడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చున్న ఆమె కోళ్ళా అని అడిగింది. కాదన్నాను. సంచి 'బెక్' అంది. ఆమె కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని జనగామ దాకా దించలేదు.

కాలేజీ నల్లాల్లో నీళ్ళు లేవు. ప్రయోగశాల పైకప్పు రేకులది. మధ్యాహ్నానికి లోపల మనుషులే ఉడికిపోయేవాళ్ళు. అక్క ఇంటి దొడ్లో చేదబావి ఉంది, అడుగున కొన్ని నీళ్ళున్నాయి, వాడకట్టులో సగం మంది అక్కడే చేదుకునేవాళ్ళు. బావి పక్కన సగం భూమిలో పూడ్చిన పెద్ద మట్టి గోలెం ఉంది. అక్క అందులో స్నానాలకు నీళ్ళు నింపేది. ఆ గోలెం కప్పలకు ఇయ్యమని అడిగాను. "మనుషులకే తానాలు లేవు, కప్పలకు గోలెమా" అని అక్క నవ్వింది. నవ్విందంటే ఇచ్చినట్టే. రాళ్ళు పేర్చి, సగం నీళ్ళు పోసి, పైన వెదురు తడిక కప్పాను. పురుగులు, ఎర్రలు పట్టి వేశాను. మూడు కప్పలూ తిన్నాయి. తిని, రాళ్ళ మీద రాళ్ళలాగే కూర్చున్నాయి.

బోదురు కప్ప తొలి పెద్దవానకే జతకడుతుంది. ఉరుము వినాలి, నీటిమట్టం పెరగాలి, ఒళ్ళు చల్లబడాలి. అప్పుడు పోతుకు పసుపు రాసినట్టు రంగు మారుతుంది, దవడల కింద నీలం సంచులు ఉబ్బుతాయి, పిలుస్తుంది. వాన రాకపోతే వాననే చేద్దామనుకున్నాను. కిరసనాయిల్ డబ్బా కడిగి, అడుగున మేకుతో రంధ్రాలు కొట్టి, వేపకొమ్మకు వేలాడదీశాను. సాయంత్రం పూట నేను డబ్బాలో నీళ్ళు పోస్తుంటే, బావ ఇనుప రేకు మీద కర్రతో బాది ఉరిమేవాడు. మొదట్లో మొహమాటపడ్డాడు గానీ, మార్కెట్లో సేట్ల చేత మాటలు పడి వచ్చిన రోజు ఉరుము బాగా కుదిరేది. ఒకరోజు ఒంటికన్ను సారు చూడటానికి వచ్చాడు. నేను నీళ్ళు పోయగానే అలవాటు కొద్దీ గొడుగు తెరిచి కూర్చున్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. గోడ మీద నుంచి వాడకట్టు ఆడవాళ్ళంతా చూస్తున్నారు. ఆంధ్రా సారు, ఈ ఇంటామె తమ్ముడు కలిసి ఏదో వానమంత్రం చదువుతున్నారని ఆ రోజే ప్రచారమైంది. కప్పలు మాత్రం కదల్లేదు. నేను మరింత గట్టిగా పోశాను.

అటువంటి రోజుల్లో వాడకట్టు ఆడవాళ్ళు కప్పతల్లి ఆడాలని నిశ్చయించారు. వాన పడనప్పుడు ఒక కప్పను తడిగుడ్డలో వేసి, వేపాకులతో రోకలికి కట్టి, ఇద్దరు రెండు కొసలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్ళు కప్ప మీద నీళ్ళు కుమ్మరించి గింజలు పెడతారు. చివరికి కప్పను నీళ్ళలో విడిచిపెడతారు. అది పోయి పైవాడికి చెబుతుందని నమ్మకం. ఈ పనికి పెద్ద మా పక్కింటి ముసలమ్మ. ప్రతి కరువుకూ రోకలి ఆమెదే కనుక అందరికీ ఆమె రోకలవ్వ. ఆ ఏడు ఆమెకు రోకలుంది, వేపాకుంది, కప్ప లేదు. ఊరంతా దేవులాడి, చివరికి అక్క గుమ్మంలోకి వచ్చింది. నేను కాలేజీలో ఉన్నాను. అక్క లావుపాటి కప్పను తన చేతులతోనే తీసి ఇచ్చిందట.

సాయంత్రం వచ్చి తడిక ఎత్తి చూసేసరికి పెంటి కప్ప లేదు. నా పోస్టు దాని కడుపులో ఉంది. వీధుల వెంట పరుగెత్తి, పాట వినిపించిన వైపు తిరిగాను. నా కప్ప రోకలికి వేలాడుతూ, వేపాకుల్లోంచి కళ్ళు బయటపెట్టి, బిందెడు నీళ్ళు నెత్తిన పడినప్పుడల్లా రెప్పలు మూస్తూ తెరుస్తూ ఊరేగుతోంది. నేను రోకలవ్వకు అడ్డం నిలబడ్డాను.

"అవ్వా, అది ఉత్త కప్ప కాదు, కాలేజి కప్ప. గుడ్లతోనున్నది. ఇడిసిపెట్టుండ్రి."

"కాలేజిదైతె ఇంకా మంచిదే బిడ్డా" అంది అవ్వ, నడక ఆపకుండానే. "సదువుకున్నది గద, పైకి పోయి తెల్వంగ చెప్తది."

వెనక ఆడవాళ్ళు నవ్వారు. సగంలో ఆపితే ఊరికి కీడన్నారు. చేసేది లేక కప్ప మీద కన్ను వేసి పక్కనే నడిచాను. నాలుగిళ్ళు తిరిగేసరికి వెనక కొస పట్టుకున్నామెకు భుజం నొచ్చింది. "ఊకనే నడుస్తున్నవు గద, జర పట్టు" అని నా భుజం మీద పెట్టింది. ఆ విధంగా నేను రోకలి మోస్తుండగా ఒంటికన్ను సారు సైకిలు మీద ఎదురొచ్చాడు. దిగి, ఒక కన్ను మూసి, ముందు కప్పను, తర్వాత రోకలిని, చివరికి నన్ను చూశాడు.

"ఏమిటోయ్ ఇది?"

"ఫీల్డు వర్కు సార్" అన్నాను.

ఆయన జేబులోంచి థర్మామీటరు తీసి (అది ఎప్పుడూ ఆయన దగ్గరుండేది) కప్ప మీద కారుతున్న నీళ్ళలో పెట్టి చూసి, తల ఊపి వెళ్ళిపోయాడు.

ఊరేగింపు ముగిశాక అసలు చిక్కు వచ్చింది. కప్పను చెరువులో విడవాలి. చెరువు తూము దగ్గర కాస్త మడుగు తప్ప నీళ్ళు లేవు. నేను గోలెంలో విడుద్దామని బతిమాలాను, నీళ్ళు నీళ్ళే కదా అన్నాను. ఇడిసిన కప్ప తన తోవన తాను పోవాలె గాని పట్టుకపోయి తడిక కింద పెడితే ఎట్ల పోతదని రోకలవ్వ ఒప్పుకోలేదు. అప్పుడు అక్క ముందుకొచ్చి, కొన్నాళ్ళు తన ఇంట్లో ఉంటుందనీ, తర్వాత తానే విడుస్తాననీ, పూచీ తనదనీ వాడకట్టు ముందు మాటిచ్చింది. కప్ప ఇంటికొచ్చింది.

మరునాడు పొద్దున గోలెం నిండా పసుపు. పోతులు రెండూ పచ్చగా మెరుస్తున్నాయి. నీళ్ళ మీద నల్లచుక్కల జిగురు తెట్టు తేలుతోంది. గుడ్లు. నేను లుంగీ మీదనే ఒంటికన్ను సారు ఇంటికి పరుగెత్తాను. ఆయన పళ్ళపొడి నోటితోనే వచ్చి, గోలెం పక్కన గొంతుక్కూర్చుని, మొదటిసారి రెండు కళ్ళూ తెరిచి చూశాడు. మరుసటి రోజుకే గుడ్లు చిట్లి, వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు నీళ్ళలో వేలాడాయి. మెడకు రెండు వైపులా కుచ్చుల్లాంటి మొప్పలు. నేనే కన్నంత గర్వంగా ఉంది నాకు.

వాన మాత్రం రాలేదు. ఒకరోజు, ఇంకో రోజు, మళ్ళీ ఎండ. నీళ్ళకొచ్చే ఆడవాళ్ళు బిందె కింద పెట్టి గోలెం వైపు చూడటం మొదలుపెట్టారు. వాన ఊరికి రావాల్సింది, ఆ పిలగాడు తడిక కింద దాచిపెట్టిండన్నారు. కప్పను విడవమన్నారు. నిజానికి గుడ్లు పెట్టాక తల్లితో నాకు పని లేదు. కానీ నేను ఉద్యమం నుంచి వచ్చినవాణ్ణి, మూఢనమ్మకానికి లొంగుతానా? నైరుతి గాలుల గురించి, అల్పపీడనం గురించి బావి గట్టున నిలబడి ఉపన్యాసమిచ్చాను. విన్న ఆడవాళ్ళు మరుసటి రోజు నుంచి వేరే బావికి పోయారు. అక్క గుమ్మం ముందు మాటలు ఆగిపోయాయి. ఆమె అన్నం వడ్డిస్తూ, ఎప్పుడూ మాట్లాడినట్టే మెల్లగా అంది:

"తమ్మీ, నీ కప్ప గుడ్లు పెట్టింది గద. నీ పని అయింది. వాళ్ళ పని కావద్దా?"

అల్పపీడనాన్ని అన్నంతో పాటు మింగేశాను. మరునాడు పొద్దున వాడకట్టంతా వెంట రాగా, అక్క కప్పను బకెట్లో పట్టుకుని తూము మడుగుకు నడిచింది. విడిచిపెట్టింది. అది ఒడ్డునే కూర్చుంది. "పో బిడ్డా, చెప్పిరా" అంది రోకలవ్వ. కప్ప కాసేపు ఆలోచించి, ఒక్క గెంతులో నీళ్ళలో మునిగింది. వాన ఎప్పుడు రావాలో అప్పుడే, కొన్నాళ్ళకు వచ్చింది, రెండు రోజులు వదలకుండా పడింది. నేను నైరుతి గాలి సంగతి ఎత్తబోతే అక్క చూపుతోనే ఆపింది.

అయితే మడుగు నుంచి తిరిగొచ్చిన ఆ రోజుకే నాకు ఇంకో కష్టం ముదిరి ఉంది. ఎవరికీ చెప్పలేదు. నేను పాలకూర ఉడికించి వేస్తుంటే తోకకప్పలు ఆకు ముట్టుకోవడం లేదు. ఒకదాన్నొకటి తింటున్నాయి. పొద్దున లేచి చూస్తే రాత్రి ఉన్నవాటిలో సగం లేవు, మిగిలిన సగం బలిసి ఉన్నాయి. బోదురు కప్ప పిల్లలు మాంసం తింటాయని పుస్తకంలో ఉంది గానీ, అన్నదమ్ములతో మొదలుపెడతాయని నేను చదివిన పేజీలో లేదు. మార్గం ఒక్కటే, దేనికదే వేరు గిన్నె. అక్క వంటింటి గిన్నెలు, మూకుళ్ళు, ఊరగాయ జాడీలు అన్నీ దొడ్లోకి వచ్చాయి. అయినా చాలలేదు. ఇంట్లో అన్నం, కూర ఒకే కుండలో వండే పరిస్థితి వచ్చింది. బావ దాన్ని తిని, ఇది ఏ దశ అని అడిగాడు.

ఆ దొడ్డి చూసి రోకలవ్వ ఒక గిన్నె చేతిలోకి తీసుకుంది. "మన కప్ప పిల్లలాయె. మా ఇంట్ల పెరుగుతది తీయ్" అంది. తర్వాత ఇంటికొకటి పోయింది. రాగి చెంబులో వద్దని, మట్టిదో సత్తుదో చాలని, రోజూ నీళ్ళు మార్చమని ప్రతి ఇంటికీ చెప్పి వచ్చాను. ఏం పెట్టాలో కూడా చెప్పాను, అది మాత్రం ఎవరూ వినలేదు. ఎవరు తినేది వాళ్ళు పెట్టారు. రోకలవ్వ ఎండుచేప నలిపి వేసింది. ఒకామె కోడిపేగు కోసి వేసింది. శాకాహారుల ఇంట్లో దానికి పెరుగన్నం పెట్టి, ముట్టకపోతే బతిమాలారు. కొందరు గిన్నెను నీడలో పెట్టారు, కొందరు ఎండ తగిలే గోడ మీద. సాయంత్రాలు వాడకట్టులో ఒకటే మాట, మీదానికి కాళ్ళు ఎల్లినయా అని.

కమిటీ వచ్చే రోజు పొద్దున గిన్నెలు పోగుచేద్దామని బయల్దేరాను. ఎవరూ నా చేతికివ్వలేదు. తొట్రుపడి ఒలకబోస్తానన్నారు. ఎవరి గిన్నె వాళ్ళే పట్టుకుని, దాని మీద కొంగు కప్పి, నా వెంట కాలేజీకి నడిచారు. ఒంటికన్ను సారు గుమ్మంలో ఈ ఊరేగింపు చూసి బెదిరాడు. తర్వాత ఒక్కొక్క గిన్నెలోకి వంగి చూశాడు. చూసి, వంగినవాడు వంగినట్టే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఒకే రోజు పుట్టిన పిల్లలు ఒక్కొక్కటి ఒక్కో దశలో ఉన్నాయి. పెరుగన్నం ఇంటిది ఇంకా తోకే. దాని తర్వాతిదానికి వెనక కాళ్ళు. కోడిపేగుదానికి ముందు కాళ్ళు కూడా. రోకలవ్వది తోక కరిగిపోయి, వేలి గోరంత నిండు కప్పై, గిన్నె అంచు ఎక్కుతోంది. అన్నింటినీ గోలెంలోనే ఉంచి ఉంటే ఒక్క దశే ఉండేది, అదీ ఒక్కటే లావుపాటి తోకకప్పగా.

కమిటీ వచ్చేసరికి ఆడవాళ్ళంతా బల్ల వెంట దశల వరసలో నిలబడి ఉన్నారు. సారు బెత్తంతో ఒక్కొక్కరినీ చూపిస్తూ, ఇది వెనక కాళ్ళ దశ, ఇది ముందు కాళ్ళ దశ అని చెప్పుకుపోతున్నాడు. మొదటి గిన్నె ఆమె మాది వెనకబడ్డది గాని మస్తు తెలివిగలదని మధ్యలో కలగజేసుకుంది. కమిటీ పెద్ద పత్తి సేటు. అంతా విని, బాగానే ఉందిగానీ దీనికి వేరే మనిషి, వేరే జీతం ఎందుకని, సారే చూసుకోవచ్చు కదా అన్నాడు. సారు నోరు తెరిచేలోపు రోకలవ్వ గిన్నె మీద కొంగు కప్పింది.

"గీ పిలగానికి నౌకరి లేదంటె మా కప్పలు మేం తీస్కపోతం" అంది. వరసంతా గిన్నెల మీద కొంగులు కప్పింది.

సేటు వాళ్ళను చూశాడు. అందులో సగం మంది ఇళ్ళ మగవాళ్ళు ఆయన మిల్లులోనే పత్తి మోసేవాళ్ళు. ఆయన నవ్వి, సంతకం చేశాడు. నా పోస్టు ఆ ఏటికి నిలిచింది, తర్వాత ఏడాది పక్కా అయింది. కప్పల్ని వాడకట్టంతా పోయి నిండిన చెరువులో విడిచాం. శాకాహారుల కప్పకు మాత్రం ఇంకో పక్షం గడువిచ్చాం.

ఎనభైల్లో మా కాలేజీ ప్రభుత్వం చేతికి పోయి నన్ను భూపాలపల్లి వైపు వేసినప్పుడు, ఈసారి అంతా శాస్త్రీయంగా చేస్తానని గాజు తొట్లు, గొట్టాలు, థర్మామీటరు పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్క గుడ్డు రాలేదు. సెలవుకు వచ్చినప్పుడు అక్కతో చెప్పుకుంటే, అక్కడ ఇరుగుపొరుగు ఎట్లాంటివాళ్ళని అడిగింది. నేను దాన్ని వేళాకోళం అనుకున్నాను.

కిందటేడు దవాఖానలో ఆమె పక్కన కూర్చుని ఉండగా కిటికీ బయట వాన మొదలైంది. ఎక్కడో కప్ప అరిచింది. నేను మాట కలపడానికి, ఆనాడు రోకలవ్వ లావు కప్పనే అడగకుండా ఉంటే నా ఉద్యోగం ఏమయ్యేదో అన్నాను. అక్క కళ్ళు మూసుకునే నవ్వింది.

"అవ్వ ఏదన్నొకటియ్యమన్నది. లావుది నేనే తీసిచ్చిన. నువ్వు డబ్బా పట్టుకోని పరేషాన్ అయితున్నవు, బావకు చేతులు నొస్తున్నయ్. నాలుగిండ్ల నీళ్ళు పడితెనన్న దానికి వాననిపిస్తదేమో అనుకున్న."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే నేను మళ్ళీ ఉపన్యాసం మొదలుపెడతానని భయపడిందట. ఇది నిజంగా ఆనాడు అనుకున్నదో, నన్ను నవ్వించడానికి ఆ పూట కలిపిందో నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు కప్ప పెంపకం పాఠం చెప్పాను. నీళ్ళు, వేడిమి, తిండి అని మూడు అంశాలు నల్లబల్ల మీద రాసేవాణ్ణి. ఇప్పుడు రాయడానికి బల్ల లేదు గానీ, తొలివాన పడి వీధి చివర కాలువలో బెకబెక మొదలైతే, కిరసనాయిల్ డబ్బా ఎత్తి పట్టుకుని మబ్బులేని ఆకాశం కింద నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాణ్ణి నీళ్ళు పోయనిస్తాను. వాడికి సగమే తెలుసు.